కుడివైపు సీటు

నా చిన్నప్పుడు మా బాబాయ్ కారులో నేను కుడివైపు కూర్చునేదాన్ని. ఇంగ్లండులో అది నడిపేవాళ్ల సీటు. బాబాయ్ కారు అమెరికాది కాబట్టి దాని స్టీరింగ్ ఎడమవైపు ఉండేది, ఎదురొచ్చే బండ్లన్నీ నా పక్కనుంచే పోయేవి. బస్సులోంచి చూసేవాళ్లకు తొమ్మిదేళ్ల పిల్ల చేతులు ఒళ్లో పెట్టుకుని కారు నడుపుతున్నట్టు కనబడేది. వాళ్లు నోరు తెరిస్తే నేను చెయ్యి ఊపేదాన్ని.

అవి తొంభైల చివరి రోజులు. మేం కోవెంట్రీలో ఉండేవాళ్లం. అమ్మకూ నాన్నకూ ఆసుపత్రిలో పని, శనాదివారాల్లో డ్యూటీ పడితే నన్ను రెండు వీధుల అవతల బాబాయ్ ఇంట్లో దింపేవారు. బాబాయ్ కార్ల తలుపులు డిజైన్ చేసే ఇంజనీరు. రోజంతా కంప్యూటర్ మీద గీతలు గీసి ఇంటికొచ్చి, చేత్తో పట్టుకోవడానికి ఒక్క బోల్టయినా దొరకని ఉద్యోగమని విసుక్కునేవాడు. ఆ విసుగులోనే ఇంచుమించు తన వయసున్న ఆ పాత కారును ఎవరి దగ్గరో కొనుక్కొచ్చాడు. పిన్ని దానికి 'సవతి' అని పేరు పెట్టింది. చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి, గుమ్మం ముందు కొబ్బరికాయ కొట్టి, హారతిచ్చింది కూడా ఆవిడే. సవతికి హారతిచ్చిన ఇల్లాలు ఈ ఊళ్లో ఇంకెవరూ ఉండరని నవ్వింది.

ఆ కారు మంచి చెప్పాలంటే చాలా ఉంది. బానెట్ ఎత్తితే ఏ భాగం ఏం చేస్తుందో నాకు కూడా అర్థమయ్యేది. సగం రిపేర్లు బాబాయ్ రెండు స్పానర్లతో తనే చేసుకునేవాడు. డిక్కీలో నాలుగు బియ్యం బస్తాలు పట్టేవి. స్టార్ట్ చేస్తే మా కిటికీ అద్దాలు గలగలమనేవి. అంతకుముందు మమ్మల్ని పలకరించని ఎదురింటి ముసలాయన ఆ మోత విని గేటు దాటి వచ్చి, బాబాయ్‌తో గంటసేపు మాట్లాడిపోయేవాడు. ఈ దేశంలో బాబాయ్‌కి దొరికిన స్నేహితులందరూ ఆ కారు చూసి వచ్చినవాళ్లే. చెడు చెప్పాలంటే అదీ తక్కువేం కాదు. పెట్రోలు నీళ్లలా తాగేది. చిన్న పార్టు పోయినా అమెరికా నుంచి అది వచ్చేదాకా నెలల తరబడి కదిలేది కాదు. వెనక సీటుకు బెల్టులు లేవు. ముందంతా బరువు, వెనకంతా తేలిక, కాస్త చినుకు పడితే వెనక చక్రాలు జారేవి. బ్రేకు తొక్కితే తీరిగ్గా ఆలోచించుకుని ఆగేది. దాని మంచి అంతా ఇంటి ముందు నిలబడి ఉన్నప్పుడు, చెడంతా రోడ్డు మీద. ఇది ఇప్పుడు తోస్తున్న మాట. అప్పట్లో ఆ కారంటే నాకు ప్రాణం.

అన్నిటికన్నా పెద్ద చిక్కు ఇంకొకటి ఉండేది. ముందు లారీలాంటిది వెళ్తుంటే, ఎడమవైపు కూర్చున్న బాబాయ్‌కి ఎదురు రోడ్డు కనబడదు. దాటాలంటే కుడి సీట్లో ఉన్నవాళ్లు తొంగి చూసి చెప్పాలి. మామూలుగా ఆ పని పిన్నిది. రోడ్డు ఈ చివర నుంచి ఆ చివర దాకా కనబడితేనే ఆవిడ "ఊఁ" అనేది. లేకపోతే "ఆగండి" అనేది. పదిసార్లలో తొమ్మిదిసార్లు ఆగడమే. బాబాయ్ ఎన్నడూ ఆవిడ మాట కాదనలేదు.

పిన్ని ఇండియాలో పళ్ల డాక్టరు. ఇక్కడ పని చెయ్యాలంటే మళ్లీ పరీక్షలన్నీ పాసవ్వాలి. రాత పరీక్ష గట్టెక్కింది, చేత్తో చేసి చూపించేది మిగిలింది. అందుకోసం వంటింటి టేబుల్ దగ్గర కూర్చుని సబ్బు ముక్కలను పళ్లలాగా చెక్కేది. చిన్న కత్తి పట్టుకున్న ఆ కుడిచెయ్యి ఎంత నెమ్మదిగా కదిలేదో! పూర్తయిన పన్ను నా అరచేతిలో పెట్టి, ఇది ఏ పన్నో చెప్పమనేది. ఆ చేతిని నమ్ముకునే ఆవిడ మూడేళ్లు చదివింది.

పరీక్షకు పది రోజులు ఉందనగా, నవంబరులో ఒక ఆదివారం స్టీవెనేజ్ బయల్దేరాం. అక్కడ తెలిసినాయన తన పళ్ల ఆసుపత్రిలో పిన్నిని మధ్యాహ్నం దాకా ప్రాక్టీసు చేసుకోనిస్తానన్నాడు. దారిలో చదువుకోవాలని పిన్ని పుస్తకాలతో వెనక సీట్లోకి వెళ్లి, తన పని నాకు అప్పగించింది.

"ఇవాళ నువ్వు చూడు అమ్మడూ. కనబడకపోతే కనబళ్లేదని చెప్పు, అంతే."

మోటార్‌వే మీద ఇంజను వేడెక్కుతుందని బాబాయ్ పల్లెదారి పట్టాడు. రాత్రి వాన కురిసి ఆగింది, రోడ్డంతా రాలిన ఆకులు. ఒకచోట గడ్డి ట్రాలీ లాక్కుంటూ ట్రాక్టరు అడ్డం పడింది. బాబాయ్ "క్లియరా?" అని అడిగాడు. అప్పటికి నాకు తెలుగు వింటే అర్థమవడమే గానీ మాట్లాడటం రాదు, "నో" అన్నాను. మళ్లీ అడిగాడు, మళ్లీ నో. పిన్నికి టైమయిపోతోంది. బాబాయ్ వేళ్లు స్టీరింగ్ మీద దరువేస్తున్నాయి. మూడోసారి మెడ సాచి చూశాను. రోడ్డు కొంతదూరం పోయి పల్లంలోకి దిగింది, అవతల మళ్లీ పైకి లేచింది. పైకి లేచిన ముక్క ఖాళీగా ఉంది. మధ్య పల్లం నాకు కనబడలేదు. కనబడలేదని నాకు తెలుసు. మూడోసారి కూడా నో అంటే ఇక ఈ పని నాకు ఇవ్వరని భయపడ్డాను.

"క్లియర్, బాబాయ్."

పల్లంలోంచి తెల్ల వ్యాను పైకొచ్చింది. బాబాయ్ బ్రేకు తొక్కాడు, వెనక చక్రాలు ఆకుల మీద జారి కారు గిర్రున తిరిగింది. వ్యాను ఎలాగో తప్పించుకుంది. మా కారు కుడివైపంతా చెట్టుకు కొట్టుకుంది. ఆ లోపలే పిన్ని చెయ్యి నా సీటుకూ తలుపుకూ మధ్యనుంచి వచ్చి నన్ను ఇవతలికి తోసింది. తలుపు వచ్చి ఆ చెయ్యి మీద పడింది. పిన్ని అరవలేదు. అదే నాకు ఇప్పటికీ కలలోకి వస్తుంది.

పోలీసులు అడిగితే బాబాయ్, తను ఎవర్నీ అడగలేదని, కనబడకపోయినా తొందరపడి దాటబోయానని చెప్పాడు. నేను ఆయన పక్కనే నిలబడి ఉన్నాను. ఆయన చెయ్యి నా నెత్తిమీద ఉంది. నేను నోరు తెరవబోతే ఆ చెయ్యి కాస్త బరువుగా నొక్కింది.

రెండు ఆపరేషన్లు చేశారు. పిన్ని గరిటె పట్టుకోగలిగింది, పళ్ల మీద పని చేసే సన్నటి పనిముట్లు మాత్రం మళ్లీ పట్టుకోలేదు. పళ్ల ఆసుపత్రిలోనే చేరింది, రిసెప్షనిస్టుగా. కారు తుక్కు కింద పోయింది. ఇంటికి ఎవరొచ్చినా పిన్ని, "ఈయనకి ఎప్పుడూ తొందరే, నా చెయ్యి పొట్టన పెట్టుకున్నారు" అని అందరి ముందూ దులిపేసేది. బాబాయ్ తల వంచుకుని వినేవాడు. ఆ మాటలు పడాల్సింది నేనని నాకు తెలుసు. అయినా చెప్పలేదు. పిరికిదాన్ని.

ఆ చలికాలమే పిన్ని ఎడమచేత్తో రాయడం నేర్చుకుంది. ఒక్కర్తినీ కూర్చుంటే ఏడుపొస్తోందని నన్ను పక్కన కూర్చోబెట్టుకుని తెలుగు అక్షరాలు దిద్దించింది. ఒకే పుస్తకంలో ఎడమ పేజీ ఆవిడది, కుడి పేజీ నాది. వంకర ఎవరిదెక్కువో ఎంచుకునేవాళ్లం. నాకొచ్చిన తెలుగంతా ఆ పుస్తకంలో వచ్చిందే.

బాబాయ్ పోయి రెండేళ్లయింది. ఇప్పుడు నన్నూ పిల్లలు ఆంటీ అంటున్నారు. మొన్న ఆయన ఆబ్దికం నాడు పిన్ని వచ్చినవాళ్ల ముందు ఆ పాత మాటే అంది. ఇక ఆగలేక ఆవిడ వెనకే వంటింట్లోకి వెళ్లి, క్లియర్ అన్నది నేనేనని చెప్పాను. పిన్ని ఎడమచేత్తో బియ్యం కడుగుతోంది. వెనక్కి తిరగలేదు.

"తెలుసే అమ్మడూ. వెనక సీట్లో ఉంది నేనేగా. విన్నాను. ఆసుపత్రిలో మీ బాబాయే అన్నారు, అందరి ముందూ నన్నే తిట్టు, పిల్ల వైపు ఎవరూ చూడరు అని."

"మరి ఇప్పుడెందుకు పిన్నీ? ఆయన లేడుగా."

"ఇన్నేళ్లూ అని ఇప్పుడు మానేస్తే, నాకు తెలుసని నువ్వు కనిపెట్టేస్తావని."

నా పని ఆసుపత్రిలో ఎక్స్‌రేలు తీయడం. సరిగ్గా కనబడుతోందా అని డాక్టర్లు అడిగితే నేను వెంటనే జవాబు చెప్పను. వాళ్లు విసుక్కుంటారు. కనబడనిది కనబడలేదనే అంటాను, పిన్ని ఆ రోజు చెప్పిన మాటే అది. కానీ దానికన్నా బరువైనది ఇంకొకటి నా దగ్గర ఉండిపోయింది. అందుకే పిన్ని దిద్దించిన అక్షరాలతో ఇది రాస్తున్నాను, మా వాళ్లందరూ చదవాలని. మా బాబాయ్ తొందరపడలేదు. ఆయన అడిగాడు. మూడుసార్లు అడిగాడు. క్లియర్ అన్నది నేను.