చేనిలో తిన్న ఊరిబిండి

పెళ్లయ్యేదాకా మా ప్రొద్దుటూరి ఇంట్లో చప్పిడి కూరలే తిన్నాను. నాన్నకు కడుపులో పుండు. అమ్మ వంటలో మిరపకాయ పేరుకే ఉండేది. తొండూరు దగ్గరి పల్లెకు కోడలిగా పోయాక అసలు కారం ఎదురైంది. అత్తగారింట్లో గొర్లు, రెండెకరాల మిరప చేను. అక్కడి కూర నోట్లో పెడితే చెవులు గుయ్యిమనేవి. నేను మజ్జిగన్నం తిని లేచేదాన్ని. అత్త ఎక్కువ మాట్లాడే మనిషి కాదు కాబట్టి ఆమె అంటే నాకు భయం. మూడు నెలలైనా పుట్టింటికి పోలేదు. మిరప కోతల కాలం, అడగడానికి నోరు రాలేదు.

ఒక మధ్యాహ్నం చేనిలో మేమిద్దరమే ఉన్నాం. అత్త గుప్పెడు పచ్చిమిరపకాయలు తెంపి పుల్లల మంటలో కాల్చింది. ఉప్పు, తెల్లగడ్డ, కాస్త చింతపండు వేసి బండమీద నూరి ఊరిబిండి చేసింది. ఘాటుకు ఇద్దరం దగ్గాం. ఇప్పుడు గ్యాస్ పొయ్యిమీద కాల్చి మిక్సీలో వేస్తున్నా, ఆ బండమీది పచ్చడి తలుచుకుంటే నోరూరుతుంది.

సంగటి ముద్దలో గుంట చేసి, బిండి పెట్టి నాకిచ్చింది. మొహమాటానికి తిన్నాను. నాలుక మండింది, కళ్లనీళ్లు కారాయి. ఇక ఏడుపు ఆగలేదు. కారానికే అనుకుంటుందిలే అని తలవంచుకుని ఏడుస్తూనే తిన్నాను.

అత్త తినడం ఆపి నావైపు తిరిగింది. "కారానికి ఏడ్చేటోళ్లు నీళ్లడుగుతారు పాపా. నువ్వు అడగల్యా. మీ అమ్మ గుర్తొస్తాందా?"

తల ఊపాను.

"నోరు తెరిచి చెప్పాల గదమ్మా! నేనేమన్నా మనుషుల్ని తింటానా? రేపు పొద్దున్నే బస్సెక్కి పో. పది దినాలుండి రా."

మర్నాడు మధ్యాహ్నానికి అమ్మ ముందు కూర్చున్నాను. నాకిష్టమని బీరకాయ కూర చేసింది. రెండు ముద్దలు తిని చెయ్యి ఆపాను.

"అమ్మా, పచ్చిమిరక్కాయ ఉందా?"

"ఏందే, అప్పుడే ఇట్లయితివి!" అని అమ్మ నోరెళ్లబెట్టింది.

ఆరో రోజే తిరిగొచ్చాను. అత్త దొడ్డి ఊడుస్తోంది.

"అప్పుడే వచ్చినావేంది?"

"మా అమ్మ కూరలు శానా చప్పగుండాయత్తా."

ఆమె చీపురు పడేసి పగలబడి నవ్వింది. ఆమె అలా నవ్వడం నేను చూడటం అదే మొదటిసారి.