తంగమణి తీసిన రావణుడు

తంగమణి చేతిలో కెమెరా చూస్తే నాకు ఒళ్లు మండేది. మండదూ మరి? బియ్యప్పిండి, సున్నం కలిపి, కాగితం అతికించి, మూడు గంటలు నడుం విరగ్గొట్టుకుని కథకళి వేషగాడి దవడల చుట్టూ తెల్లటి చుట్టి కట్టేది నేను. ఫోటోలో చూస్తే సున్నం కొట్టిన కుండ! మొహం లేదు, కళ్లు లేవు.

పగలంతా పాస్‌పోర్టు ఫోటోలు తీసుకునే పిల్ల, సాయంత్రమైతే త్రిశూర్ చుట్టుపక్కల ఎక్కడ కథకళి ఆట ఉన్నా స్కూటర్ మీద దిగిపోయేది. నేను తిట్టినా నవ్వేసేది.

ఆరోజు మా గురువు కుంజున్ని ఆశాన్‌ది ఆఖరి రావణ వేషం. మోకాళ్లు ఇక మొరాయించాయి. ఆరేళ్లుగా మంచం దిగని ఆయన భార్య మాధవి అమ్మ, "ఒక్కసారైనా ఆ రావణుడి కళ్లు చూపించవే" అని తంగమణిని బతిమాలుకుంది.

ఆటకు ముందు ఆశాన్‌ను స్టేజీ దీపాల కింద నిలబెట్టి ఒకటి తీసింది. మళ్లీ కుండే!

"అది కెమెరానా, సున్నపు బట్టీనా?" అన్నాను.

"వెనకంతా నల్ల తెర కదా వేలాయుధన్నా! చీకటనుకుని కెమెరా తనంతట తానే వెలుతురు పెంచేస్తోంది."

"దాని మాట నువ్వెందుకు వినాలి? నా చుట్టి చూసుకో. అందులో కాగితం మడత కనపడితే కళ్లూ కనపడతాయి."

కెమెరాలో ఆటో మోడ్ తీసేసింది. లోపలికొచ్చే వెలుతురు తగ్గేలా షట్టర్ వేగం మెట్టు మెట్టుగా పెంచుతూ, తీసిన ప్రతిదాన్నీ పెద్దది చేసి చూసింది. సెకనులో ఐదొందలో వంతు దగ్గర మడత తేలింది.

"అదీ! ఇక ముట్టుకోకు!" అని అరిచేశాను.

చెండ వాద్యం మోగింది. ముందు ఇద్దరు ఎత్తి పట్టుకున్న తెర అంచును రావణుడు పట్టుకుని మెల్లగా దించాడు. నిప్పుల్లాంటి కళ్లు! సరిగ్గా అప్పుడే లైట్లవాడు ఉత్సాహం పట్టలేక ఇంకో పెద్ద దీపం వేసేశాడు. చచ్చాంరా దేవుడా అనుకున్నాను. తంగమణి కెమెరా నుంచి కన్ను తీయలేదు. షట్టర్ వేగం చక్రాన్ని మూడు టిక్కులు తిప్పింది. వెయ్యో వంతు. నొక్కింది.

పొద్దున్నే పెద్ద ఫోటో వేయించి, ఆశాన్‌తో కలిసి ముగ్గురం మాధవి అమ్మ మంచం దగ్గర నిలబడ్డాం. నా చుట్టిలో ప్రతి మడతా ఉంది. ఆవిడ దాని వంక చూస్తేగా! ఆ ఎర్రటి కళ్లనే చాలాసేపు చూసింది.

"ఇవే! కోపమొస్తే నావంక ఇలాగే చూసేవారు," అంది. "నేను మంచాన పడ్డాక ఒట్టి జాలిగానే చూస్తున్నారు."

ఆశాన్ తలొంచుకున్నాడు.

"ఇక ఇంట్లోనే ఉంటారుగా. రోజుకొక్కసారైనా నావంక ఇలా చూడండి."