సైకిలు చైను ఊడే వీధి

ఇల్లు చూడబోయిన ప్రతి వీధిలోనూ ఆ ఎలక్ట్రీషియన్ సైకిలు చైను ఊడిపోతుంది. దానంతటది ఊడదు, అతనే ఊడదీస్తాడు. గొంతుక్కూర్చుని తాపీగా ఎక్కిస్తూ, చెవులు మాత్రం గేట్ల దగ్గర కబుర్ల మీద పెడతాడు. నీళ్ళొస్తాయా, గాలి ఆడుతుందా అన్నవి భార్య చూసుకుంటుంది. అతనికి కావలసింది తన పార్టీవాళ్ళున్న వీధి. ఇప్పుడుంటున్న చోట డాబా మీద తన పార్టీ జెండా కట్టిన మర్నాటి నుంచి కూతుర్ని ఎవరూ ఆటకు రానివ్వడం లేదు. ఆ పిల్ల కిటికీ చువ్వలు పట్టుకుని నిలబడటం చూసి, ఇల్లు మారి తీరాల్సిందేనని పట్టు పట్టాడు.

ఈ ఆదివారం అలాంటి వీధి దొరికింది. ఏ గేటు చూసినా తన పార్టీ జెండానే! చైను చేతిలో ఉండగానే నోరు వెళ్ళబెట్టి చూశాడు. కూతురు అప్పటికే బంతాడుతున్న పిల్లల దగ్గరికి పరిగెత్తింది.

"మీ నాన్నది ఏ పార్టీ?" అని అడిగాడు బంతి పట్టుకున్నవాడు. పిల్ల చెప్పింది.

"అయితే రా!"

భార్య ముఖం విప్పారింది. "అందరూ మనవాళ్ళేనండీ! ఇంకా ఆలోచిస్తారేం?"

అతను చైను ఎక్కించి, నూనె చేతులు గుడ్డకు తుడుచుకున్నాడు.

"మనముంటున్న వీధిలోనూ పిల్లని ముందు అదే అడిగారు. పద, ఇంకోటి చూద్దాం."

పక్క వీధిలో అతను చైను ఊడదీయలేదు. పిల్లలు ఆడుకుంటున్న చోట సైకిలుకు స్టాండు వేసి, కూతుర్ని ముందుకు పంపి, వాళ్ళు మొదట ఏమడుగుతారో అని చెవులు రిక్కించి నిలబడ్డాడు.