కండక్టరు అడిగే ఒక్క ప్రశ్న

బిర్యానీలో లవంగం పంటికి తగిలితే అందరూ తీసి పక్కన పెడతారు. నాకు మాత్రం దానియేలు గారు గుర్తొచ్చి ముందు నవ్వూ, ఆ వెనకాలే సిగ్గూ వస్తాయి.

అప్పట్లో ఏలూరులో మా సంస్థ, తాగుడు మానాలనుకునేవాళ్ల కోసం, మనసు బాగోలేనివాళ్ల కోసం ఒక తెలుగు వెబ్‌సైటు నడిపేది. రాసేవాణ్ణి నేనే. చదివేవాళ్లే లేరు. వాడాల్సినవాళ్లనే అడిగి సరిదిద్దమని పైవాళ్లు చెబితే, తాగుడు మానేసి పన్నెండేళ్లయిన దానియేలు గారిని పిలిచాను. కైకలూరు దగ్గర కొల్లేటి పల్లెలో పుట్టి, బస్సు కండక్టరుగా రిటైరైన మనిషి.

ఆయన మా కంప్యూటరు వంక చూడనైనా లేదు. "ఆఫీసులో అన్నీ బాగానే కనపడతాయండీ. బస్సులో చూద్దాం రండి" అని తాడేపల్లిగూడెం బస్సెక్కించి, నా ఫోనులో సైటు తెరిపించారు. తెర నిండా ఎర్రటి అక్షరాలు: "మీరు మద్యానికి బానిసలా?" భీమడోలు రాకముందే పక్కసీటు పెద్దావిడ వంగి చదివేసింది.

"మీకేనా బాబూ?"

"కాదండీ, ఇది నా ఉద్యోగం."

"మా అల్లుడూ ఇలాగే ఏదో చెప్పేవోడు బాబూ."

ఇక బస్సు బస్సంతా నా వైద్యానికి దిగింది. వెనకసీటాయన కాకరకాయ రసం తాగమన్నాడు. ముదినేపల్లిలో ఎవరో పసరు పోస్తారని ఇంకొకాయన దారి కూడా చెప్పాడు. దానియేలు గారు మాత్రం ఏమీ ఎరగనట్టు కిటికీలోంచి చేపల చెరువులు చూస్తూ కూర్చున్నారు. గూడెంలో దిగాక, "ఆ ఎర్రక్షరాలు తీసెయ్యండి బాబూ" అన్నారు, అంతే.

బస్టాండులో టీ తాగుతూ సాయం కోరేవాళ్లు నింపాల్సిన ఫారం చూపించాను. పేరు, తండ్రి పేరు, ఎన్నాళ్లుగా, రోజుకెంత, ఎందుకు... మొత్తం పద్నాలుగు ప్రశ్నలు. అన్నీ నా ప్రతిభే.

"ముప్పయ్యేళ్లు టిక్కెట్లు కొట్టానండీ. బస్సెక్కినోళ్లని ఎందుకెళ్తున్నారు, మీ నాన్నెవరు అని ఏనాడూ అడగలేదు. ఎక్కడికండీ అని ఒక్కటే అడిగేవోణ్ణి."

వివరాలు లేకుండా సలహా ఎలా ఇస్తామని వాదించాను. ఆయన నా ఫోనును నా ముందుకే జరిపారు. "అయితే మీరే నింపండి, చూద్దాం."

పేరు రాశాను. తండ్రి పేరు రాశాను. "ఎన్నాళ్లుగా" దగ్గర వేలు ఆగిపోయింది. ఆయన నా చొక్కా జేబులోని లవంగాల డబ్బా వైపు చూశారు.

"వాసన రాకుండా నేను యాలకులు నమిలేవోణ్ణండీ. ఎవరికీ తెలీదనుకున్నా. మా ఆవిడ మొదటిరోజే పసిగట్టేసిందంట."

అప్పటికి నేను రెండేళ్లుగా రోజూ సాయంత్రం తాగుతున్నాను. చెప్పేవన్నీ శ్రీరంగనీతులే. బయటపడితే ఉద్యోగం, పరువు రెండూ పోతాయని ప్రాణం బిక్కుబిక్కుమంటూ ఉండేది. ఆయన మందలించలేదు. "ఎక్కడికండీ?" అని మెల్లగా అడిగారు. నేను ఫారం మూసేసి ఫోను జేబులో పెట్టుకున్నాను.

వారంలో సైటు మార్చాం. ఎర్రక్షరాలు పోయాయి. ఫారంలో, ఫోను నంబరు కాక, ఒకే ప్రశ్న మిగిలింది: "ఇప్పుడు మీకేం కావాలి?" మార్చిన రోజు మధ్యాహ్నమే ఆఫీసులో పనిచేసే సునీత నవ్వుతూ వచ్చింది.

"సార్, ఎవరో మీ నంబరుతో టెస్టింగు ఎంట్రీ కొట్టారండీ. 'తాగుడు మానాలి' అంట. తీసెయ్యనా?"

"వద్దమ్మా. అది టెస్టింగు కాదు."

ఉద్యోగం పోలేదు. తాగుడు పోయింది, అదీ ఒక్కసారిగా కాదు. దానియేలు గారు ఇప్పుడు లేరు. ఆయనకు సరిగ్గా కృతజ్ఞత చెప్పలేదన్న బాధ నాకుంది. లవంగాల డబ్బా వంటింటికి చేరింది. సాయం కోసం ఎవరు ఫోను చేసినా, ఎన్నాళ్లుగా అని అడగబోయి ఇప్పటికీ నాలుక కరుచుకుంటాను.