హీరో బతికే సీడీ

పెనుకొండలో సీడీల అంగడి మామ దగ్గర ఒకే పాత సినిమా రెండు రకాలుగా ఉండేది. ఒకదాంట్లో హీరో చివర్లో చనిపోతాడు, రెండోదాంట్లో లేచి కూర్చుంటాడు. ఎవరడిగినా మామ ముందు, "మీ ఇంట్లో అందరూ బాగుండారా?" అనేవాడు. ఎవరికైనా ఒంట్లో బాగాలేదంటే బతికేదే ఇచ్చేవాడు. నా జలుబుకే హీరో మూడుసార్లు లేచాడు.

మొన్న మామకే పుట్టపర్తిలో గుండె ఆపరేషన్. స్ట్రెచర్ మీద నుంచి నా చెయ్యి పట్టుకుని, "ఏమప్పా, నాది యా సీడీ?" అన్నాడు.

"బతికేదే మామా. సచ్చేది గీతలు పడి ఎప్పుడో పాడైపాయ" అన్నాను, డాక్టరును అడక్కుండానే.

మర్నాడు మామ కళ్ళు తెరిచాడు. నేను ఏడవడానికి సిద్ధమయ్యేలోపే, సూది వేయడానికొచ్చిన నర్సును అడిగాడు: "మీ ఇంట్లో అందరూ బాగుండారామ్మా?"

అంగడి తెరిచినట్టే.