పోగులు వేయకముందే పోయిన కార్జం

మిరియాలు వేసి వేయించిన కార్జం వాసన వస్తే ఇప్పటికీ పళ్లెం ముందు నుంచి లేచిపోతాను. ఒకప్పుడు ఇష్టంగా తిన్నవాణ్ణే. బాన్సువాడలో ఒక ఆదివారం ఆ ఇష్టం పోయింది.

రెండు వేల సంవత్సరం దాటి నాలుగైదేళ్లయిన రోజులు. ప్రైవేటు కాలేజీలో ఇంటర్ పిల్లలకు అర్థశాస్త్రం చెబుతూ, బీడీలు చుట్టేవాళ్ల వాడలో కిరాయికి ఉండేవాణ్ణి. కేంద్రం వసూలు చేసే పన్నులను రాష్ట్రాలకు ఎలా పంచుతారన్నది పాఠం. ఐదేళ్లకోసారి ఒక సంఘం కూర్చుని, జనాభాకు ఇంత, పేదరికానికి ఇంత అని ఎవరి వాటా ఎంతో తేలుస్తుందని చెప్పాను. వెనక బెంచీ అమ్మాయి లేచింది.

"సార్, మన వాటా పెంచినమంటరు. మల్ల పైసల్లేవంటరు. గిదేంది?"

పుస్తకం తిరగేశాను. సోమవారం చెబుతానని తప్పించుకున్నాను.

మా వాడలో ఆదివారం ఆదివారం యాటను కోసేవాళ్లు. కొన్ని ఇళ్లవాళ్లు పైసలు కలిపి బీర్కూర్ వైపు నుంచి మేకపోతును తెచ్చి, కోసి, మాంసాన్ని పోగులు వేసేవాళ్లు. ప్రతి పోగులోనూ ఇంత మెత్తటిది, ఇంత ఎముక, ఇంత బోటి, ఇంత కార్జం పడాలి. ఏ పోగు ఎవరిదో, పోగులు కనబడకుండా అటు తిరిగి నిలబడ్డవాడు చెప్పాలి. ఇంత న్యాయమైన పద్ధతి ఢిల్లీలో కూడా ఉండదని నేను మురిసిపోయేవాణ్ణి.

మా పక్కింటి అవ్వ ఆ వారం మొదటిసారి పొత్తులో చేరింది. కోడలికి నెలలు నిండుతున్నాయి. రక్తం బాగా తక్కువుంది, కార్జం తినిపించకపోతే కాన్పు కష్టమని సర్కారు దవాఖానలో చెప్పి పంపారు. మాంసం దుకాణంలో ఒట్టి కార్జం అడిగితే, కిలో మాంసం కొంటేనే ఇస్తామన్నారు. అందుకని బీడీల పైసలు తెచ్చి పోగుకు కట్టింది.

ఆ పొద్దున వాడ పెద్దమనిషి, కిరాణా దుకాణం ఆయన, కుర్చీ వేసుకుని పేపరు చదువుతూ కోత చూస్తున్నాడు. నన్ను పిలిచాడు.

"సూసినవా సారూ! బడుల పేరు చెప్పి కొత్తగ సెస్సేసిండ్రట. అండ్ల రాష్ట్రాలకు పైస వాటా లేదట. ముందుగాల వాళ్లది వాళ్లు తీస్కునుడు, మిగిలింది మనకు పంచుడు. దొంగ లెక్క గాదా?"

నాకు ఆశ్చర్యమేసింది. ఆ అమ్మాయి అడిగినదానికి జవాబు అదే. సెస్సంటే కేంద్రం పైన వేసే అదనపు పన్ను, అది పంచే కుప్పలోకి రాదు. కుప్పలో వాటా పెంచినా, కుప్పే చిన్నదైతే దక్కేది అంతంతే. ఈయన్ని కాలేజీకి తీసుకెళ్లాలి అనుకుంటుండగానే, ఆయన కోసేవాడి వైపు తిరిగాడు.

"కార్జం, తలకాయ పక్కకు పెట్టు. కరెంటాఫీసాయిన మా ఇంటికి బువ్వకొస్తుండు. వాడ పని."

గురివింద గింజకు తన నలుపు తెలియదంటారు. ఈయనకు తెలుసు, అయినా సిగ్గు లేదు.

అవ్వ గిన్నె పట్టుకుని వచ్చింది. తన పోగును వేళ్లతో అటూ ఇటూ కదిలించింది.

"కార్జమేది కొడుకా?" అని పెద్దమనిషిని అడిగింది.

"అందరికి సమానమే అవ్వా. ఎవ్వల పోగులనన్న ఉన్నదా, నువ్వే సూసుకో."

అబద్ధం చెప్పలేదు. ఏ పోగులోనూ లేదు. సమానమన్న మాటను అంత నీచంగా వాడినవాణ్ణి నేను ఇంకెక్కడా చూడలేదు. కోడలి సంగతి చెప్పబోయాను.

"సారూ, వాడ పనంటే అందరిది. కరెంటు పోతే అవ్వ ఇంట్ల చీకటి గాదా?" అన్నాడు.

మధ్యాహ్నం పెద్దమనిషి ఇంట్లోంచి మిరియాల ఘాటు వాడంతా కమ్మింది. అవ్వ కోడలి చెయ్యి పట్టుకుని బయటికొచ్చింది. నేరుగా ఆ ఇంటి వరండాలోకి పోయి, కరెంటాయన పక్కన కోడల్ని కూర్చోబెట్టింది.

"దీనికి గూడ ఇంత పెట్టుండ్రి. అండ్ల మా పైసలు గూడ ఉన్నయి."

కరెంటాయన ముద్ద నోటి దాకా పోలేదు. పెద్దమనిషి ఏదో అనబోయాడు. ఆయన భార్య మాత్రం పళ్లెం తెచ్చి నాలుగు ముక్కలు వేసింది. ఆ పిల్ల తల ఎత్తకుండా తిన్నది.

అవ్వ గెలిచిందనుకున్నాను. మర్నాడు క్లాసులో ఈ కథే చెప్పి, సెస్సంటే ఆ కార్జమేనన్నాను. పిల్లలు నవ్వారు. నేనూ నవ్వాను.

కోడలికి ఆడపిల్ల పుట్టింది. పిల్లను తొట్టెలలో వేసిన రోజు వాడంతా వచ్చింది. పెద్దమనిషి పిల్లను ఎత్తుకుని అందరి మధ్యా నిలబడ్డాడు.

"పోరి ఎంత పుష్టిగున్నదో సూడుండ్రి! దీని తల్లిని మా ఇంట్ల కూసోబెట్టి కార్జం పెట్టిచ్చిన. లేకుంటె తల్లీపిల్లా దక్కుదురా?"

అత్త సొమ్ము అల్లుడు దానం. కేంద్రం కూడా సెస్సుల డబ్బులో ఇంత తీసి, పథకమని పేరు పెట్టి, ఫొటో వేసుకుని మనకే ఇస్తుంది. మనం చప్పట్లు కొట్టాలి. అక్కడున్నవాళ్లు ఆయన మాటకు తలలూపారు. అవ్వ ఆ రోజులాగే నిలదీస్తుందని ఆమె వైపు చూశాను.

అవ్వ రెండు చేతులూ జోడించింది.

"అంత నీ పున్నెమే కొడుకా," అంది.

ఆమె ఆ వాడలోనే బతకాలి.