జంధ్యం రాపిడి

ఎడమ చనుమొన పక్కన గడ్డ చేతికి తగిలినప్పుడు, జంధ్యం రాసుకుని కాయ కాసిందనుకున్నాను. మా ఆవిడా అదే అంది. తిరువూరు గుడిలో చొక్కా లేకుండా నిలబడే పూజారిని నేను. చనుమొన లోపలికి లాక్కుపోయాక మాత్రం ఉత్తరీయం ఒంటి మీంచి తీయలేదు. ఎండాకాలంలో ఆ కప్పుకోవడం ఏమిటని అందరూ అడిగేవాళ్లే. ఒళ్లు మండిపోయేది.

విజయవాడలో మామోగ్రామ్ తీసే చోట హాలు నిండా ఆడవాళ్లే. లోపల్నుంచి వచ్చిన అమ్మాయి మా ఆవిడను చూసి, "రండి మేడమ్. సార్, మీరిక్కడే కూర్చోండి" అంది.

"పేషెంటుని నేనేనమ్మా" అన్నాను. హాలంతా తలెత్తి చూసింది. భూమిలోకి కుంగిపోతే బాగుండుననిపించింది.

జంధ్యం దండలా మెడలోకి మార్చుకున్నాను. బక్క ఛాతీ మీద కండ ఎక్కడుంది? ఆ అమ్మాయి ఉన్న కాస్తా లాగి, రెండు పలకల మధ్య పెట్టి బిగించింది. "కదలకండి, ఊపిరి బిగబట్టండి." ముందుకూ పోలేను, వెనక్కీ రాలేను. మంత్రం కూడా నోటికి రాలేదు.

ఫిల్ములో అంచులు చెదిరిన తెల్లటి మచ్చ కనిపించింది. సూదితో ముక్క తీశారు. రిపోర్టు కోసం మళ్లీ వెళ్తే డాక్టరమ్మ, "రొమ్ము క్యాన్సరేనండి. మగవాళ్లకి అరుదుగా వస్తుంది. రొమ్ము మొత్తం తీసేయాలి, ఆలస్యం చేయొద్దు" అంది. ఆలోచించుకుని చెప్తానన్నాను.

తిరుగు బస్సులో పెనుగొలను ఆసామి ఒకాయన ముందు సీట్లోంచి పలకరించాడు. "బెజవాడలో పనేంటండీ పంతులుగారూ?"

"బట్టలకి" అన్నాను. మా చేతుల్లో ఒక్క సంచీ లేదు.

అంగలోపం ఉన్నవాడు మూలవిరాట్టును తాకకూడదని మా ఇంట్లో చిన్నప్పటి నుంచీ వింటున్న మాట. గుడి తప్ప నాకు వేరే బతుకు తెలియదు. గొంతు తగ్గించి మా ఆవిడను అడిగాను.

"ఇది కోసేస్తే నన్ను గర్భగుడిలోకి రానిస్తారంటావా?"

ఆమె కిటికీ వైపే చూస్తూ అంది. "మీరు పోతే నన్ను ఏ పేరంటానికి రానిస్తారండీ?"

ముత్తైదువలనే పిలవండని ఊళ్లో ప్రతి ఇంటికీ చెప్పేది నేనే.

మైలవరం దాటకముందే డాక్టరమ్మకు ఫోన్ చేశాను. ఆపరేషనుకు వస్తానని, ముందు సీటాయనకు వినబడేలాగే చెప్పాను.